గిట్టుబాటు లెక్కలో ఇంటి శ్రమ: ఒక వాదచరిత్ర

తెలుగు రైతు పలుకుబడిలో దిగుబడి వేరు, రాబడి వేరు, గిట్టుబాటు వేరు. ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయన్నది మొదటిది. అమ్మగా చేతికందిన సొమ్ము రెండవది. పెట్టినదానికి వచ్చినది సరిపోయిందా అన్నది మూడవది. ఆర్థికశాస్త్రం 'సామర్థ్యం' అనే భావనకు ఈ మూడవ మాటే చేరువ. అయితే 'పెట్టినది' అనగా ఏమిటన్న ప్రశ్న దగ్గరనే వివాదం మొదలైంది.

కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిత్వ శాఖ 1954-55 నుంచి పలు రాష్ట్రాలలో సేద్య నిర్వహణ అధ్యయనాలు చేయించింది. ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లా ఇందుకు ఎంపికైంది. సేద్యపు ఖర్చును ఎ, బి, సి అని అంచెలుగా విడదీసే పద్ధతి ఈ అధ్యయనాలతోనే వాడుకలోకి వచ్చింది. స్థూలంగా చెప్పాలంటే, చేతి నుంచి పోయినది ఎ. సొంత భూమికి కౌలు విలువ, సొంత పెట్టుబడికి వడ్డీ కలిపితే బి. ఇంటిల్లిపాది పడిన శ్రమకు కూలి కట్టి దానికి చేరిస్తే సి.

ఈ లెక్కలను పరిశీలించి 1962లో అమర్త్య సేన్ ఒక వైరుధ్యాన్ని ముందుకు తెచ్చారు. ఇంటి శ్రమకు బజారు కూలి కడితే దేశంలో అధికభాగం సేద్యం నష్టదాయకంగా కనిపిస్తుంది. కమతం పెరిగే కొద్దీ లాభం పెరుగుతుంది. ఎకరా దిగుబడి మాత్రం తగ్గుతుంది. కూలీలను పెట్టుకున్న ఆసామి, అదనపు పని వల్ల వచ్చే ఫలం కూలిరేటుకు దిగగానే పని ఆపుతాడు. బయట పని దొరకని చిన్న రైతు ఇంటివారు మరొక దఫా కలుపు తీస్తారు. గింజ పెరుగుతుంది, లెక్కలో నష్టమూ పెరుగుతుంది. ఇది రైతు అవివేకం కాదు, కొలమానపు స్వభావం. నాట్లు, కలుపుతీత ప్రధానంగా స్త్రీల పనులన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది.

1964లో థియోడర్ షుల్ట్జ్ సంప్రదాయ రైతు పేదవాడే గాని అసమర్థుడు కాడని వాదించారు. ఆయన ఆధారాలలో ఒకటి గ్వాటెమాలాలోని పనహచెల్, మరొకటి ఉత్తరప్రదేశ్‌లోని సేనాపూర్. ఇంత పెద్ద సిద్ధాంతానికి రెండు గ్రామాలు చాలవన్న అభిప్రాయం సమంజసమే. 1968లో మైకేల్ లిప్టన్ లేవనెత్తిన ఆక్షేపణ మరింత బలమైనది: వానను నమ్ముకున్నవాడు గరిష్ఠ లాభాన్ని కాక, పస్తు తప్పించే పంటను ఎంచుకుంటాడు.

ఆ మాటకు పరీక్షాస్థలాలలో తెలంగాణ పల్లెలూ ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975 నుంచి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరులతో సహా కొన్ని గ్రామాలను ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది. నిజమైన డబ్బు పందెంగా పెట్టి హాన్స్ బిన్స్‌వాంగర్ జరిపిన ప్రయోగాలలో, నష్టభయం విషయంలో పేద రైతుకూ సంపన్న రైతుకూ పెద్ద తేడా కనిపించలేదు. అందువల్ల పేద రైతు తక్కువ పెట్టుబడి పెట్టడానికి కారణాన్ని అతని మనస్తత్వంలో కంటే అప్పు పుట్టే వీలులో వెతకవలసి ఉంటుంది.

వాదం ఇప్పుడు మద్దతు ధరల చుట్టూ తిరుగుతున్నది. 2004లో ఏర్పడి, స్వామినాథన్ అధ్యక్షత వహించిన జాతీయ రైతు కమిషన్ ఉత్పత్తి వ్యయంపై కనీసం 50 శాతం కలిపి ధర ఇవ్వాలన్నది. 2018లో కేంద్రం ఒకటిన్నర రెట్లు ప్రకటిస్తూ ఎ2కు ఇంటి శ్రమను కలిపిన వ్యయాన్నే ప్రాతిపదికగా తీసుకున్నది. ఒకనాడు వివాదగ్రస్తమైన ఇంటి శ్రమ లెక్కకెక్కింది. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడి వడ్డీ వెలుపల నిలిచాయి. కౌలుదారు చెల్లించే కౌలు ఎ2లో చేరుతుంది నిజమే. కాని సొంతదార్లతో కలిపి సగటు కట్టేసరికి అది పలచబడుతుంది.