ఆవర్జా ఎవరి చేతిలో ఉంది?

చదువు కావాలని మనం అడిగినంత గట్టిగా ఏ చదువు కావాలో అడగలేదు. వకీలు చదువు, పంతులు చదువు, డాక్టరు చదువు గురించి దళిత ఉద్యమంలో చాలా మాటలు నడిచాయి. వ్యాపారం చదువు, మేనేజ్‌మెంటు చదువు అనేసరికి మనోళ్లు మొహం పక్కకి తిప్పుకుంటారు. అది షావుకార్ల విద్య అని కొందరంటారు, పెట్టుబడిదారీ విద్య అని కొందరంటారు. హాస్టల్లో ఉండే పిల్లవాడు ఇంటర్‌లో సీఈసీ తీసుకుంటే మాథ్స్ రాక తీసుకున్నాడంటారు గానీ, లెక్కలు తన చేతిలోకి తెచ్చుకోడానికి తీసుకున్నాడని ఎవరూ అనరు. ఈ చిన్నచూపును చరిత్రలో పెట్టి చూడాలంటే అమెరికా దాకా పోవాలి. కమ్యూనిటీ కాలేజీ అనే సంస్థ పుట్టింది అక్కడే. అందులో బిజినెస్ కోర్సులో చేరిన నల్లవాళ్ల అనుభవం మన అనుభవానికి దూరపు చుట్టమేమీ కాదు.

ముందు మన ఊరి సంగతి ఒక్కమాట. షావుకారు దగ్గర చిట్టా ఉండేది, ఆవర్జా ఉండేది. దొర దగ్గర జీతగాళ్ల పద్దు ఉండేది. అప్పు ఇచ్చిందీ వాళ్లే, రాసిందీ వాళ్లే, వడ్డీ కట్టి చూపించిందీ వాళ్లే. మన తాతల దగ్గర ఉన్నది బొటనవేలు ఒక్కటే. తండ్రి తీసుకున్న అప్పుకి కొడుకు జీతం ఉన్నాడంటే కొరడా ఒక్కదానివల్ల కాదు, ఆ పద్దులో ఏం రాసుందో చదవలేకపోవడం వల్ల కూడా. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి ఆ బాకీలు చెల్లవంది. పుస్తకం పట్టే విద్య మాత్రం ఏ చట్టంతోనూ చేతులు మారలేదు. వేదం వినకూడదన్న నిషేధం గురించి మనం వందసార్లు రాసుకున్నాం, ఆవర్జా చూడకూడదన్న నిషేధం గురించి ఎన్నిసార్లు రాశాం?

నల్లవాళ్లకి ఈ సంగతి చాలా ఖరీదు పెట్టి తెలిసింది. 1865లో అంతర్యుద్ధం ముగుస్తున్న రోజుల్లో అమెరికా కాంగ్రెసు ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకుకి అనుమతి ఇచ్చింది. నిన్నటిదాకా బానిసలుగా అమ్ముడుపోయిన మనుషులు చాకిరీ చేసి దాచుకున్న డాలరు, రెండు డాలర్లు తెచ్చి అందులో వేశారు. పెత్తనమంతా తెల్ల ట్రస్టీలది. ఆ డబ్బుతో వాళ్లు స్థిరాస్తి వ్యాపారులకీ, తమకి కావలసినవాళ్లకీ అప్పులిచ్చారు. 1873 ఆర్థిక సంక్షోభంతో అంతా బయటపడింది. 1874 మార్చిలో ఫ్రెడరిక్ డగ్లస్‌ని తెచ్చి అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన తన సొంత డబ్బు 10 వేల డాలర్లు అప్పిచ్చి నిలబెట్టాలని చూశాడు. జూన్ చివరికి బ్యాంకు మూతపడింది. 61 వేలమందికి పైగా ఖాతాదారులకు దాదాపు 30 లక్షల డాలర్లు బాకీ పడ్డారు. చివర్లో తెచ్చి కూర్చోబెట్టారు కాబట్టి చెడ్డపేరు మాత్రం డగ్లస్‌కి అంటింది. మునిగే పడవకి దళితుణ్ణి సరంగుని చేసే ఆనవాయితీ మన దగ్గరే ఉందనుకునేవాళ్లు ఇది చూడాలి.

ఆ తర్వాతి తరంలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో మ్యాగీ లీనా వాకర్ అనే ఆవిడ వచ్చింది. తల్లి బట్టలుతికి బతికిన మనిషి. మ్యాగీ నల్లవాళ్ల నార్మల్ స్కూల్లో చదివి 1883లో బయటికొచ్చి కొన్నాళ్లు పాఠాలు చెప్పింది. అకౌంటింగ్ కూడా నేర్చుకుంది. సెయింట్ లూక్ అనే పరస్పర సహాయ సంఘం అప్పుల్లో ఉండగా 1899లో దాని పగ్గాలు పట్టింది. 1903లో సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు పెట్టింది. అమెరికాలో ఒక స్త్రీ అనుమతి పత్రం సంపాదించి పెట్టిన మొదటి బ్యాంకుగా దాన్ని చెప్తారు. ఇది 1930ల మాంద్యాన్ని కూడా తట్టుకుని, వేరే నల్ల బ్యాంకులతో కలిసి బతికింది. ఫ్రీడ్‌మన్స్ బ్యాంకుకీ దీనికీ మధ్య తేడా మంచితనంలో లేదు. లెక్క పుస్తకం ఎవరు రాశారన్న దాంట్లో ఉంది.

ఈ కాలాన్ని బుకర్ వాషింగ్టన్ ఒకపక్క, డుబాయ్ మరోపక్క అని రెండు ముక్కలు చేసి చెప్పడం మనకి అలవాటయింది. చేతిపని, వ్యాపారం ఒకరికి, పై చదువులు, హక్కులు ఇంకొకరికి పంచేస్తాం. కానీ నల్లవాళ్ల వ్యాపారాల మీద 1899లో అట్లాంటా యూనివర్శిటీ నుంచి అధ్యయనం తెచ్చింది డుబాయే. ఆ మరుసటేడు, 1900లో, బోస్టన్‌లో నేషనల్ నీగ్రో బిజినెస్ లీగ్ పెట్టింది వాషింగ్టన్. వ్యాపార విద్య కావాలా వద్దా అన్నచోట వాళ్లిద్దరికీ తగాదా లేదు. ఆ విద్యతోపాటు ఓటు, కోర్టు, యూనివర్శిటీ కూడా అడగాలా, వాటిని తర్వాతకి వాయిదా వెయ్యాలా అన్నదే తగాదా. మేము డుబాయ్ పక్షమే.

ఇక కాలేజీ సంగతి. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో హైస్కూలు చదువుకి పైన రెండేళ్లు కలిపి జూనియర్ కాలేజీ మొదలుపెట్టారు. చేరింది ఆరుగురు. షికాగో యూనివర్శిటీ అధ్యక్షుడు విలియం రేనీ హార్పర్ దీనికి వెన్నుదన్ను. యూనివర్శిటీకి మొదటి రెండేళ్ల భారం తగ్గించాలన్నది ఆయన ఆలోచన. అంటే పుట్టుకలోనే రెండు బుద్ధులున్నాయి: పేద పిల్లల్ని దగ్గరలో చదివించడం, పెద్ద యూనివర్శిటీ గడపని శుభ్రంగా ఉంచుకోవడం. 1947లో ట్రూమన్ కమిషన్ రిపోర్టు వచ్చాక కమ్యూనిటీ కాలేజీ అనే పేరు దేశమంతా పాకింది. హైస్కూలు తర్వాత రెండేళ్ల చదువు కూడా ఉచితంగా ఉండాలనీ, జాతి పేరున వేరు పెట్టడం తప్పనీ ఆ రిపోర్టు చెప్పింది. చెప్పింది వేరు, జరిగింది వేరు. 1960లో కాలిఫోర్నియా మాస్టర్ ప్లాన్ వేసుకుంది. మార్కుల్లో పైనున్న 12.5 శాతానికి పెద్ద యూనివర్శిటీ, పై మూడో వంతుకి స్టేట్ కాలేజీ, మిగిలినవాళ్లందరికీ కమ్యూనిటీ కాలేజీ. వర్ణాలు అనే మాట మేము వాడడంలేదు, వాళ్ల లెక్క వాళ్లు రాసుకున్నదే చెప్తున్నాం.

న్యూయార్క్‌లో బరో ఆఫ్ మన్‌హాటన్ కమ్యూనిటీ కాలేజీ ఈ కథకి బాగా పనికొస్తుంది. 1963లో ఏర్పడి 1964లో తలుపులు తెరిచింది. మొదట దానికి సొంత ఆవరణ లేదు. ఆఫీసులు కిటకిటలాడే మిడ్‌టౌన్‌లో ఒక వాణిజ్య భవనంలో రెండంతస్తులు అద్దెకు తీసుకున్నారు. చుట్టూ ఉన్న కంపెనీలకి కావలసిన మనుషుల్ని తయారుచెయ్యడం ఒక పని, నాలుగేళ్ల డిగ్రీకి పోదల్చినవాళ్లకి పునాది వెయ్యడం రెండో పని. ఇలాంటి చోట రెండేళ్ల చదువుకి వచ్చేది అసోసియేట్ డిగ్రీ. అకౌంటింగ్, మేనేజ్‌మెంటు సూత్రాలు, వాణిజ్య చట్టం, మార్కెటింగ్ చెప్తారు. అసలు కీలకం ఇంకోచోట ఉంది. కమ్యూనిటీ కాలేజీల్లో అసోసియేట్ డిగ్రీ ఒక రకం కాదు. ఒకటి పై డిగ్రీకి తీసుకుపోయేది. రెండోది ‘అప్లయిడ్’ అని పేరు తగిలించి నేరుగా ఉద్యోగానికి పంపేది. ఈ రెండోదాంట్లో చదివిన పేపర్లను నాలుగేళ్ల కాలేజీ చాలాసార్లు లెక్కలోకి తీసుకోదు. చేరేరోజున ఫారం మీద ఏ గడిలో టిక్కు పెట్టారన్నదే మనిషి ఎక్కడ ఆగిపోతాడో తేల్చేస్తుంది. ఆ తేడా చెప్పే మనిషి పేదవాళ్ల ఇళ్లల్లో ఉండడు.

ఆ కాలేజీలో 1960ల నడుమ ఒక నల్ల అమ్మాయి చేరింది. బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ చదివి, మార్కెటింగ్‌లోనో అడ్వర్టయిజింగ్‌లోనో ఉద్యోగం చేద్దామని ఆమె ఉద్దేశం. తీరా చూస్తే బిజినెస్ పేపరు ఒక్కటే తీసుకుని, చరిత్ర, సమాజశాస్త్రం వైపు మళ్లింది. నల్లవాళ్ల చరిత్ర ఎందుకు చెప్పరు, నల్ల అధ్యాపకులు ఏరీ అని 1967లో విద్యార్థులు చేసిన ఆందోళనలో అరెస్టయింది. తర్వాత ప్రపంచానికి అసాటా షకూర్‌గా తెలిసిన మనిషి ఆమే. 1977లో న్యూజెర్సీ కోర్టు హత్యకేసులో శిక్ష వెయ్యడం, 1979లో జైలు నుంచి తప్పించుకోవడం, క్యూబాలో ఆశ్రయం, 2025లో అక్కడే చనిపోవడం వేరే కథ. మనకి కావలసింది ఆ క్లాసురూము. మేనేజ్‌మెంటు పాఠం చెప్పేవాడు కంపెనీని ఎవరు కట్టారో చెప్పలేదు. పత్తి తోటలో లెక్క ఎవరు రాశారో చెప్పలేదు. చరిత్ర లేని మేనేజ్‌మెంటు పాఠం గుమాస్తాని తయారుచేస్తుంది. అసాటా దాన్ని వదిలేసి పోయింది, ఆమెను తప్పుపట్టలేం. కానీ అందరూ వదిలేసిపోతే లెక్కలు మళ్లీ వాళ్ల చేతిలోనే ఉంటాయి. ఇక్కడే మనకి ఇబ్బంది.

1960లో బర్టన్ క్లార్క్ అనే సమాజశాస్త్రవేత్త కాలిఫోర్నియాలో శాన్ హోసే కాలేజీని చూసి ఒక వ్యాసం రాశాడు. పెద్ద డిగ్రీ ఆశపడి వచ్చిన పిల్లల్ని, పరీక్షలు పెట్టి, సలహాలిచ్చి, ‘నీకిది సరిపోదు బాబూ’ అని మెల్లగా నచ్చజెప్పి చిన్న కోర్సుల్లోకి దించే పనిని ఆయన ‘చల్లార్చడం’ అన్నాడు. మోసపోయినవాడు గొడవ చెయ్యకుండా ఊరుకోబెట్టడాన్ని వర్ణించడానికి గాఫ్‌మన్ 1952లో వాడిన మాట అది. వెళ్లగొడితే తిరగబడతాడు, చల్లారిస్తే తప్పు తనదే అనుకుని పోతాడు. మన వెల్ఫేర్ హాస్టల్ పిల్లల్లో ఈ చల్లారిన మొహాలు ఎన్ని చూశామో లెక్కలేదు. 1989లో బ్రింట్, కారబెల్ రాసిన పుస్తకం ఇంకొంచెం ముందుకెళ్లింది. పిల్లలు డిగ్రీకి పోయే దారినే కోరుకుంటుంటే, కాలేజీ పెద్దలే తమ సంస్థకు ఒక స్థానం సంపాదించుకోడానికి వృత్తి కోర్సుల్ని ముందుకు తోశారని వాళ్ల వాదన.

అయితే ఆ తలుపు తెరిపించింది కూడా నల్లవాళ్లే. 1969లో న్యూయార్క్ సిటీ కాలేజీలో నల్ల, ప్యూర్టోరికన్ విద్యార్థులు గేట్లు మూసి కూర్చున్నారు. 1970 నుంచి హైస్కూలు పాసైన ప్రతివాళ్లకి సిటీ యూనివర్శిటీలో ఎక్కడో ఒకచోట సీటు ఇవ్వాల్సి వచ్చింది. నల్లవాళ్లు పెద్ద సంఖ్యలో లోపలికొచ్చిన ఆరేళ్లకే, 1976లో, నగరం దివాలా పేరు చెప్పి ఫీజులు పెట్టారు. 1847 నుంచి 129 ఏళ్లు అక్కడ ఉచితంగా చదువు చెప్పారు. డబ్బులు లేవన్న సంగతి సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. కాలిఫోర్నియా కాలేజీల్లో కూడా 1984లో ఫీజు మొదలైంది.

ఓక్లండ్‌లో మెరిట్ కాలేజీ కూడా రెండేళ్ల కాలేజీయే. హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ కలుసుకున్నది అక్కడ. 1966 అక్టోబరులో బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. 1972లో బొంబాయిలో మనవాళ్లు ఆ పేరే తీసుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు. వాళ్లలో చాలామంది మాటామంతీ వడాలాలోని సిద్ధార్థ విహార్ హాస్టల్లో నడిచింది. రెండు పాంథర్లూ పేదపిల్లల కోసం తెరిచిన చదువుల అరుగుల మీదే పుట్టారన్నమాట.

సిద్ధార్థ అంటే అంబేడ్కర్ గుర్తొస్తాడు. ఆయన్ని రాజ్యాంగం పుస్తకంతో నిలబెట్టిన బొమ్మలే ఊరూరా చూస్తాం. ఆయన వాణిజ్యశాస్త్రం వైపు బతుకు మన కార్యకర్తల్లో చాలామందికి తెలీదు. లండన్ చదువు మధ్యలో ఆపి వచ్చాక షేర్ల వ్యాపారులకి సలహాలిచ్చే సంస్థ పెట్టాడు. సలహా ఇచ్చేది అంటరానివాడని తెలియగానే గిరాకీ ఆగిపోయింది. 1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ప్రొఫెసరుగా చేరాడు. 1913లో పుట్టిన కామర్స్ కాలేజీ అది. అధ్యాపకుల గదిలో కుండలో నీళ్లు ఆయన తాగడానికి తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం పెట్టారు. బ్యాంకింగ్ పాఠం చెప్పొచ్చు, నీళ్లకుండ ముట్టుకోకూడదు! 1925 నుంచి 1928 దాకా బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం బోధించాడు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946లో సిద్ధార్థ కాలేజీ తెరిచాడు, డుబాయ్‌కి ఉత్తరం రాసింది కూడా ఆ ఏడే. 1953లో సిద్ధార్థ కామర్స్, ఎకనామిక్స్ కాలేజీ వచ్చింది. సిద్ధార్థ లా కాలేజీ వచ్చింది 1956లో. అంటే లా కాలేజీ కంటే ముందు కామర్స్ కాలేజీ పెట్టాడు. ఈ వరసని మనం పట్టించుకోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి తలుపు 1982లో తెరుచుకుంది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొదటిది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. పగలు కూలికో, ఆఫీసులో అటెండరు పనికో పోయి, ఆదివారం క్లాసులకి వచ్చిన మనవాళ్లు అక్కడ బి.కాం. చేశారు. అక్కడి పట్టా పూర్తి డిగ్రీ, దానిమీద పీజీకి పోవచ్చు. ఇది చిన్న విషయం కాదు.

కమ్యూనిటీ కాలేజీ పేరుతో మన దేశంలో మొదట వచ్చింది 1995లో పాండిచ్చేరిలో, ఆ మరుసటేడు మద్రాసులో. 2013లో యూజీసీ ఒక పథకం తెచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు వేసింది. డిగ్రీలో ఏడాది చదివి దిగిపోతే సర్టిఫికెట్, రెండేళ్లకి దిగిపోతే డిప్లొమా. చదువు మానేసిన పిల్లకి వట్టి చేతులతో పోకుండా ఏదో ఒక కాగితం దొరుకుతుంది కదా అంటున్నారు. దొరుకుతుంది, కాదనం. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమై, ఇంట్లో చేతులు కావాల్సొచ్చి, రెండో ఏడు మెట్టు మీద దిగిపోయేది ఎవరు? కాలేజీ ఓనరు కొడుకైతే దిగడు. శాన్ హోసేలో సలహాదారు మెల్లగా చెప్పిన మాటని ఇక్కడ పాలసీయే చెప్తోంది.

అందుకని మన పిల్లలు బిజినెస్, మేనేజ్‌మెంటు కోర్సుల్లో చేరాలి, కళ్లు తెరుచుకుని చేరాలి. లెక్చరర్లూ, హాస్టల్ వార్డెన్లూ, విద్యార్థి సంఘాలవాళ్లూ అడ్మిషన్ల రోజుల్లో ఒక బల్ల వేసుకుని కూర్చోవాలి. ఈ సర్టిఫికెట్‌లోని క్రెడిట్లు బి.కాం.లో కలుస్తాయా, ఏ యూనివర్శిటీలో కలుస్తాయి, కాగితం మీద రాసిస్తారా అని ప్రిన్సిపాల్‌ని అడగాలి. సిలబస్‌లో సహకార సంఘం లెక్కలు, ఆడిట్ చూడడం, కంపెనీ బ్యాలెన్స్ షీటు చదవడం ఉన్నాయా, లేక బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడడం మాత్రమే ఉందా చూడాలి. ఎస్సీ కార్పొరేషన్ 1974 నుంచి గేదెలకీ, ఆటోలకీ అప్పులు ఇప్పిస్తూ వచ్చింది. ఆ యూనిట్ల లెక్క రాసే పుస్తకం ఎలా ఉంటుందో అప్పు తీసుకున్నవాళ్లకి ఎంతమందికి నేర్పారని జిల్లా ఆఫీసులో ఒక దరఖాస్తు పెట్టి చూడండి.