గాలికి దారి చూపిన ఇంజనీరు

తలుపులు మూసిన గదిలో పదుగురు గంటసేపు కూర్చుంటే తల బరువెక్కుతుంది. మనం విడిచే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, దేహపు వేడి అక్కడే నిలిచిపోవటం ఇందుకు కారణం. గోడలు, కప్పు నిర్ణయించేది వాస్తుశిల్పి. లోపలి గాలి, వేడి, నీరు, వెలుతురు ఏర్పరచేది భవన సేవల ఇంజనీరు. ఈ వృత్తికి బాట వేసినవారిలో డేవిడ్ బాస్‌వెల్ రీడ్ ముఖ్యుడు.

రీడ్ 1805లో ఎడింబరోలో జన్మించినాడు. అక్కడే రసాయనశాస్త్రం బోధించినాడు. 1834 అక్టోబరులో లండను పార్లమెంటు భవనం అగ్నికి ఆహుతి అయినది. కామన్స్ సభ తాత్కాలిక మందిరానికి మారగా, 1836లో అందులో వాయుప్రసార ఏర్పాట్లు రీడ్ చేసినాడు. వెలుపల ఎత్తైన పొగగొట్టం కట్టించి, దాని అడుగున నిప్పు రగిలించినాడు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోవుచుండగా, సభ పైకప్పు వద్ద చేరిన చెడుగాలి ఆ గొట్టంలోనికి లాగబడినది. దాని స్థానంలో, తగుమాత్రం వెచ్చచేసిన మంచిగాలి నేలలోని అసంఖ్యాకమైన సన్నని రంధ్రాల గుండా లోపలికి వచ్చినది. పైన పరచిన వెంట్రుకల తివాచీ దాని వేగాన్ని తగ్గించి, కాళ్లకు చలి తగలకుండా కాపాడినది.

మనిషికి నిమిషానికి 4 ఘనపుటడుగుల గాలి చాలునని అంతకుముందు ట్రెడ్‌గోల్డ్ అనే ఇంజనీరు లెక్కకట్టినాడు. కనీసం 10 ఘనపుటడుగులు కావలెనని రీడ్ వాదించినాడు. 1844లో తన అనుభవాలను గ్రంథరూపంలో ప్రకటించినాడు.

కొత్త పార్లమెంటు భవనపు వాయుప్రసార బాధ్యత 1840లో రీడ్‌కు లభించినది. అతడు కోరినందువల్లనే, చెడుగాలి పోవటానికై, భవనం నడుమ ఒక గోపురం నిర్మాణ ప్రణాళికలో చేరినది. అయితే వాస్తుశిల్పి చార్లెస్ బారీకి, అతనికి పొత్తు కుదరలేదు. వివాదం ముదిరి, 1846లో ప్రభువుల సభ పని రీడ్ చేతినుండి తప్పినది. 1852లో ఉద్యోగమే పోయినది. అతని పథకం విడిచిపెట్టబడగా, గోపురం ఉద్దేశించిన పనికి ఉపయోగపడలేదు.

ఇదే కాలంలో లివర్‌పూల్ నగరంలో సెయింట్ జార్జి హాలు నిర్మాణమైనది. అక్కడ ఎల్మ్స్ అనే శిల్పి రూపొందించిన భవనంలోనే రీడ్ గాలిదారులు ఇమిడిపోయినవి. ఆవిరియంత్రం తిప్పే పంకాలు గాలిని నెట్టేవి. వేడినీటి గొట్టాలు దానిని వెచ్చచేసేవి. 1854లో ఆ హాలు ప్రారంభమైనది.

రీడ్ తరువాత అమెరికా వెళ్లి, 1863లో అక్కడే మరణించినాడు. రెండు భవనాలకూ అతడు ప్రయోగించిన శాస్త్రం ఒకటే. ఫలితాలు మాత్రం వేరు. గోడ గీసేనాడే గాలిదారిని కూడా గీయవలెనని, అందుకు ఇద్దరూ కలిసి కూర్చోవలెనని లండను గోపురం నేటికీ గుర్తుచేస్తున్నది.