ద్వంద్వ సమాసం - ఒక అమలాపురం కథ



ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాడు బ్యాడ్మింటన్ మీద టపా వ్రాయడమేమిటని మీలో కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. నిజానికిది ఒక పాత బాకీ. పరీక్షలు దగ్గరపడితే చాలు, ఆటల పీరియడును నేను అడిగి పుచ్చుకొనేవాణ్ణి. మా డ్రిల్లు మాష్టారు కాదనేవారు కారు. ఈల జేబులో వేసుకొని, చిరునవ్వుతో వేపచెట్టు క్రిందకు వెళ్ళి కూర్చొనేవారు. సంధులూ సమాసాలూ చదువు, గంతులు చదువు కావని నా దృఢ విశ్వాసం. ఆ విశ్వాసాన్ని ఇన్నాళ్ళకు కదిలించినది రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ అనే కోనసీమ కుర్రవాని చరిత్ర.

అతడు 2000 ఆగస్టు 13న అమలాపురంలో జన్మించాడు. తండ్రి కాశీవిశ్వనాథం గారు వ్యాయామోపాధ్యాయులు, స్వయంగా రాష్ట్రస్థాయిలో షటిల్ ఆడినవారు. అంటే నేను ఎవరి గంటలు లాగేసుకొన్నానో, ఆ జాతి గురువు ఇంట పుట్టిన బిడ్డ. 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు.

మన దేశంలో ఈ ఆట చరిత్రను చాలాకాలం ఒంటరి వీరుల చరిత్రగానే చెప్పుకొన్నాం. ఆల్ ఇంగ్లండ్ పోటీలలో 1980లో ప్రకాశ్ పదుకొనే, 2001లో గోపీచంద్. ఒలింపిక్ పతకాలలో 2012లో సైనా, 2016లో సింధు. అందరివీ సింగిల్స్ విజయాలే. ఇందులో ఒక విశేషం మరుగున పడిపోయింది. ప్రపంచ పోటీలలో 1983లో పదుకొనే సాధించిన కాంస్యం తరువాత, మనకు రెండవ పతకం రావడానికి 28 ఏళ్ళు పట్టింది. 2011లో లండనులో దానిని తెచ్చినది గుత్తా జ్వాల, అశ్వినీ పొన్నప్పల జంట. తిరుపతి వేంకట కవుల వంటి జంటలను నెత్తిన పెట్టుకొన్న తెలుగువారం కూడా ఆ జంటకు తగినంత పేరు పెట్టలేదు.

వ్యాకరణంలో ద్వంద్వ సమాసం ఉభయపదార్థ ప్రధానమని పిల్లలకు చెప్పేవాణ్ణి. రామలక్ష్మణులన్నప్పుడు ఏ పదమూ రెండవదానికి విశేషణం కాదు. డబుల్స్ ఆట కూడా అంతే. దాడి చేసేటప్పుడు ఒకడు వెనుక నుండి బలంగా కొట్టాలి, మరొకడు వల దగ్గర కాచుకోవాలి. కాచుకొనేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలవాలి. ఈ స్థానాలు క్షణక్షణమూ మారుతుంటాయి.

2016 ప్రాంతంలో భారత డబుల్స్ శిక్షకుడైన మలేషియా దేశీయుడు టాన్ కిమ్ హెర్ సాత్విక్‌ను ముంబయికి చెందిన చిరాగ్ షెట్టితో జతచేశాడు. చిరాగ్ మూడేళ్ళు పెద్ద. చిక్కేమిటంటే ఇద్దరూ ఆజానుబాహులే, ఇద్దరూ వెనుక నుండి కొట్టేవారే. పొత్తు కుదరాలంటే ప్రతివాడూ తనకు అలవాటైన చోటును కొంత వదులుకోవాలి. వారు వదులుకొన్నారు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో రజతం, 2019లో థాయిలాండ్ ఓపెన్ టైటిల్ దాని ఫలితాలు.

ఇక టోక్యో ఒలింపిక్స్. 2021లో జరిగిన ఆ పోటీలలో వీరు తమ గ్రూపులో మూడింట రెండు ఆటలు గెలిచారు. అందులో ఒకటి తైవాను జోడీ లీ యాంగ్, వాంగ్ చి-లిన్‌ల మీద. ఆఖరి గేము 27-25. అయినా మూడు జంటలకు సమాన విజయాలు రావడంతో, గేముల లెక్కలో వెనుకబడి ఇంటిముఖం పట్టారు. వీరి చేతిలో ఓడిన ఆ జోడీయే చివరకు స్వర్ణం గెలుచుకొంది! విధి లెక్క తప్పిందని అనుకోవడం తప్ప ఏం చేస్తాం?

ఆ గాయం మానినది 2022 మే 15న, బ్యాంకాకులో. థామస్ కప్పు ఫైనలుకు అంతవరకు మనం ఎన్నడూ చేరలేదు. ప్రత్యర్థి 14 సార్లు గెలిచిన ఇండోనేషియా. రెండవ ఆట వీరిది. మొదటి గేము పోయింది. రెండవది 23-21తో, మూడవది 21-19తో దక్కించుకొన్నారు. భారత్ 3-0తో కప్పు గెలిచింది. అదే ఏడాది కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ పోటీలలో కాంస్యం. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచారు. 1965లో దినేశ్ ఖన్నా తరువాత మనకు దక్కిన స్వర్ణం అదే. ఆ ఏడే ఇండోనేషియా ఓపెన్, ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ ప్రథమ స్థానం. సాత్విక్ కొట్టిన ఒక స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం మొదటి గేము గెలిచి కూడా క్వార్టర్ ఫైనలులో మలేషియా జోడీ చేతిలో ఓడారు.

2025 ఫిబ్రవరిలో కాశీవిశ్వనాథం గారు గుండెపోటుతో కన్నుమూశారు. ఆ ఆగస్టులో అదే పారిస్‌లో కొడుకు, చిరాగ్‌తో కలిసి, ప్రపంచ పోటీలలో రెండవ కాంస్యం గెలిచాడు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా డ్రిల్లు మాష్టారు గుర్తుకు వచ్చారు. నేను పుచ్చుకొన్న ఆ గంటలలో ఏ పిల్లవాని ఆట ఆగిపోయిందో నాకు తెలియదు. ద్వంద్వ సమాసం నిర్వచనాన్ని ఏటేటా నల్లబల్ల మీద వ్రాశాను గాని, చదువు, ఆట అన్న రెండు పదాలనూ సమానంగా నిలుపలేకపోయాను. ఒకదానిని మరొకదానికి విశేషణంగానైనా ఉండనివ్వలేదు.

నేటి ఉపాధ్యాయ మిత్రులు ఎవరైనా ఈ టపా చదివితే ఒక్క మనవి. ఆటల గంటను అడగకండి. వివరాలలో పొరపాట్లుంటే విజ్ఞులు సవరించగలరు.