పాఠశాల వార్షిక సంచిక: సీసపు అక్షరము నుండి డి.టి.పి. వఱకు

పాఠశాలల చరిత్ర వ్రాయదలచిన వారికి ప్రభుత్వపు ఉత్తరువులు, తనిఖీ నివేదికలు, హాజరు పట్టికలు ఆధారములుగా లభించుచున్నవి. వీనివలన ఉపాధ్యాయుల సంఖ్య తెలియును. ఉత్తీర్ణులైన వారి లెక్క తెలియును. కాని ఆ బడిలో చదివిన పిల్లలు ఏమి తలచిరో, దేనికి నవ్విరో, ఎట్టి తెలుగు వ్రాసిరో తెలియదు. ఈ లోటును కొంతవఱకు తీర్చునది పాఠశాల వార్షిక సంచిక. అట్టి సంచికను కూర్చు సాధనము మాఱినప్పుడు దాని స్వరూపమును, ఆయువును ఎట్లు మాఱినవో పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలసి యున్నది. అమెరికా విద్యాలయములలో 'ఇయర్‌బుక్' అను పేర వెలువడు పుస్తకమునకు దీర్ఘమైన చరిత్ర కలదు. 1806లో యేల్ కళాశాల పట్టభద్రుల ఛాయారేఖాచిత్రములతో వచ్చిన సంపుటము ఈ జాతి పుస్తకములలో మొదటిదని చెప్పుదురు. తరువాత ఛాయాచిత్రకళ వ్యాపించుటచే ఆ పుస్తకములు విద్యార్థుల ముఖచిత్రముల మాలికలైనవి. వానిలో ప్రధానము ముఖము. మన పాఠశాల సంచికలో ప్రధానము వ్రాత. ప్రధానోపాధ్యాయుని నివేదిక, తెలుగు పండితుని ముందుమాట, పిల్లల పద్యములు, కథలు, పొడుపుకథలు, ఆటలపోటీల ఫలితములు, తరగతివారీ ఛాయాచిత్రములు, తుదిపుటలలో ఊరి వర్తకుల ప్రకటనలు - ఇదియే దాని సామాన్యస్వరూపము. ముఖము ఏ దేశపు యంత్రముననైనను ఒక్కరీతినే అచ్చగును. వ్రాతకు లిపి కావలెను. ముందు చెప్పబోవు చిక్కులన్నియు ఈ భేదమునుండి పుట్టినవే.

సీసపు అచ్చుల కాలమున తెలుగు కూర్పు కష్టసాధ్యమైన పని. ఆంగ్లమునకు చాలిన గళ్లు తెలుగునకు చాలవు. హల్లులు, వాని గుణింతరూపములు, ఒత్తులు వేర్వేఱుగా పోతపోయవలెను. 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకే 'సీ' రూపమును, తకారపు ఒత్తును, క్రారవడిని ఏఱి ఒకచో పొందుపఱుపవలెను. కంపోజిటరు పిల్లవాని చేవ్రాతను ముందుంచుకొని నిలువుకాళ్లపై నిలిచి ఈ పని చేసెడివాడు. ప్రూఫులు బడికి వచ్చెడివి; తెలుగు పండితుడు ఎఱ్ఱసిరాతో దిద్ది మరల పంపెడివాడు. ఛాయాచిత్రమునకు పట్టణమునుండి బ్లాకు చేయించి తేవలెను గనుక చిన్న బడుల సంచికలలో బొమ్మలు అరుదు. అచ్చు ముగిసిన వెంటనే అక్షరములను విడదీసి మరల గళ్లలో వేయుదురు; ఆ సీసమే మఱునాడు పెండ్లి శుభలేఖ యగును. అందుచే సంచికకు మిగులు రూపము కాగితపు ప్రతి యొక్కటియే. ఈ సంగతి అందఱికిని తెలియును గావున బడి బీరువాలో రెండు మూడు ప్రతులనైనను దాచెడివారు.

ఇట్టి స్థితిని మార్చిన పరిణామము అమెరికాలో 1984, 1985 సంవత్సరములలో జరిగినది. 1984 జనవరిలో ఆపిల్ సంస్థ మాకింటాష్ కంప్యూటరును, మఱుసటి యేడు లేజర్‌రైటర్ అను ముద్రణయంత్రమును వెలువరించెను. ఇది అంగుళమునకు 300 చుక్కల చొప్పున అక్షరమును రూపించును. పుట యెట్లుండవలెనో యంత్రమునకు తెలుపు భాష పోస్ట్‌స్క్రిప్ట్. దీనిని నిర్మించినది 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీలు స్థాపించిన అడోబీ సంస్థ. 1984లో పాల్ బ్రెయినర్డ్ సియాటిల్ నగరమున ఆల్డస్ సంస్థను నెలకొల్పి 1985 జూలైలో పేజ్‌మేకర్ అను సాఫ్ట్‌వేరును విడుదల చేసెను. 'డెస్క్‌టాప్ పబ్లిషింగు' అను పేరును వాడుకలోనికి తెచ్చినవాడును ఆయనయే. ఆల్డస్ అను నామము వెనిస్ నగరపు ప్రసిద్ధ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్‌ది. ఆయన 1501లో చేతిలో నిముడు చిన్న పరిమాణమున, వాలు అక్షరములతో వర్జిల్ కావ్యములను అచ్చువేసెను. గ్రంథమును పాఠకుని చేతికి అందించిన వాని పేరును, అచ్చుకూటమును బల్లపైకి తెచ్చిన సంస్థ గ్రహించుట సముచితముగనే యున్నది.

లేజర్‌రైటర్ వెల ఆనాడు 6,995 డాలర్లు. పేజ్‌మేకర్ వెల 495 డాలర్లు. ఒక్క బడి భరింపదగిన వ్యయము కాకపోయినను, అచ్చుకూటము నెలకొల్పుటతో పోల్చిన అది స్వల్పము. పేజ్‌మేకర్ 1987లో విండోస్ వ్యవస్థకును వచ్చెను. అటుపిమ్మట 1990 దశకమున మన పట్టణములలో 'డి.టి.పి. సెంటర్' అను బోర్డులు కనబడసాగినవి.

వార్షిక సంచికకు ఈ సాధనము మిక్కిలి అనుకూలమైనది. ప్రతి పుటయందును రావలసిన బడిపేరును, పుటసంఖ్యను ఒక్కమాఱు మూలపుటపై నుంచినచో అన్ని పుటలలోను అవియే వచ్చును. కథ ఒక పుటలో ఇమడనిచో మిగిలిన భాగము తరువాతి పుటలోనికి ప్రవహించును. ఒక పద్యమును తొలగించినను, ఒక ప్రకటనను చేర్చినను కూర్పంతయు విప్పనక్కఱలేదు. ఎనిమిది లేక పదునాఱు పుటలకు ఒక ఫారముగా అచ్చు సాగును గనుక పుటల లెక్క సరిపుచ్చుట సంపాదకునకు నిత్యమైన చింత; ఇపుడు అక్షరపరిమాణమును కొంచెము తగ్గించియో, బొమ్మను పెంచియో ఆ లెక్కను క్షణములో సరిచూడవచ్చును. సిద్ధమైన పుటలను ట్రేసింగు కాగితముపై తీసి, దానినుండి ఆఫ్‌సెట్ పలక చేయుదురు. బ్లాకుల ఖర్చు తప్పుటచే ప్రతి తరగతి ఛాయాచిత్రమును సంచికలో చోటు చేసికొనెను. పండితుడు ఎఱ్ఱసిరా విడిచి, ఆపరేటరు ప్రక్కన స్టూలుపై కూర్చుండి తెరమీదనే దిద్దింపసాగెను. కూర్పుపై బడికి ఇంతటి అధికారము అంతకుమున్ను ఎన్నడును లేదు.

అయితే పేజ్‌మేకర్ ఎఱిగిన లిపి రోమను లిపి. దానియందు ఒక ఫాంటునకు 256 స్థానములకు మించి లేవు. వానిలో కొన్ని యంత్రము తన పనికై ఉంచుకొనును. మన గుణింతములు, ఒత్తులు ఆ కొద్ది స్థానములలో ఇముడవు. కావున ఫాంటు నిర్మాతలు అక్షరమును ముక్కలుగా విడదీసిరి. తలకట్టు ఒక ముక్క, హల్లు దేహము ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క రోమను అక్షరపు స్థానమున నిలిపిరి. హైదరాబాదు నుండి వచ్చిన అను, పుణె నుండి వచ్చిన శ్రీలిపి మొదలగువాని వలన తెలుగు పుట కంప్యూటరు తెరపై సుందరముగా నిలిచెను. ఇది సామాన్యమైన ప్రజ్ఞ కాదు. సీసపు గళ్ల యుక్తినే వారు కొత్త యంత్రమునకు నేర్పిరని చెప్పవచ్చును. కాని ఏ ముక్క ఏ స్థానమున నుండవలెనను విషయమున నిర్మాతల నడుమ ఏకాభిప్రాయము లేకుండెను. భారతీయ లిపులకు ఇస్కీ అను ప్రమాణము 1991లో ఏర్పడినను, పుటల కూర్పులో ఎవరి ఫాంటు వారిదే యయ్యెను.

దీని ఫలితము మాకు అనుభవమున తెలిసినది. బాలల రచనలలోని మాండలిక పదములను సేకరించు నిమిత్తము మేము ఒక ఉన్నత పాఠశాలకు పోయితిమి. అచ్చటి బీరువాలో ట్రెడిల్ యంత్రముపై అచ్చైన 1967 నాటి సంచిక యొకటి లభించెను. అంచులు పురుగు తిన్నవి. అయినను ప్రతి యక్షరమును చదువగలిగితిమి. 1998 నాటి సంచిక అచ్చుప్రతి ఒక్కటియు లేదు. "అది సీడీలో భద్రముగా నున్నదండీ" అని ప్రధానోపాధ్యాయులు దానిని మా చేతికిచ్చిరి. శాఖకు తెచ్చి తెఱచి చూడగా పుటలున్నవి, గీతలున్నవి, పుటసంఖ్యలున్నవి; తెలుగు ఉండవలసిన చోట రోమను అక్షరములును, అర్థము లేని చిహ్నములును బారులు తీరియున్నవి. ఫలానా ఫాంటు లేదని యంత్రము తెలిపెను. మేము అనేకులను విచారింపగా, తుదకు డి.టి.పి. పని మానివేసిన ఒక ఆపరేటరు తన పాత డిస్కులనుండి ఆ ఫాంటును తీసి ఇచ్చెను. దానిని చేర్చిన క్షణమున పుటలన్నియు తెలుగైనవి. ఎనిమిదవ తరగతి బాలిక తన తాత నాగలిని గూర్చి వ్రాసిన చిన్న కథ యొకటి అందు కలదు. మేము వెదకుచున్న సేద్యపు పదములు తొమ్మిది ఆ యొక్క కథలోనే దొరకినవి. కాని ఛాయాచిత్రములు రాలేదు. పేజ్‌మేకర్ పెద్ద చిత్రములను తనలో నిలుపుకొనక, అవి యున్న చోటును మాత్రము గుర్తుంచుకొనుట కలదు. ఆ చోటు ఏ యంత్రమునందుండెనో ఆ యంత్రము ఇపుడు లేదు. తరగతుల పేర్ల క్రింద మసక చతురస్రములు మాత్రము మిగిలినవి.

ఆ బాలిక కథ మాకు దక్కుట కేవలము యాదృచ్ఛికము. ఆ ఆపరేటరు తన డిస్కులను పాఱవేసి యున్నచో అది దక్కెడిది కాదు. ఇందలి కారణమును స్పష్టముగా చెప్పవలసి యున్నది. ఆ ఫైలులో నిలిచియున్నది తెలుగు ఆకారమే గాని తెలుగు వర్ణక్రమము కాదు. ఆకారములకు తాళపుచెవి ఫాంటు. అది పోయిన మూలము మూగయగును. 1991లో వెలువడిన యూనికోడ్ తొలికూర్పునందే తెలుగునకు 128 స్థానముల చోటు కల్పింపబడెను. ఈ పద్ధతిలో 'స్త్రీ' అనునది సకారము, విరామము, తకారము, విరామము, రేఫము, ఈకారము అను ఆఱు సంకేతముల వరుస. ఇది మన వ్యాకర్తలు చెప్పిన వర్ణక్రమమునకు సన్నిహితము. ఏ ఫాంటు నుంచినను వరుస మాఱదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును సామాన్యుల యంత్రములకు తెచ్చెను. కాని అదే యేట వచ్చిన పేజ్‌మేకర్ 7 యూనికోడ్ నెఱుగదు. అడోబీ సంస్థ ఇన్‌డిజైన్ ఆఱవ సి.ఎస్. కూర్పుతో 2012లో భారతీయ లిపుల కూర్పునకు వీలు కల్పించువఱకు, పుటలు కూర్చువారు పాత ఫాంట్లను విడుచుట సులభము కాకుండెను. నేడు పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న అను ప్రబంధకవుల పేరులు గల యూనికోడ్ ఫాంట్లు ఉచితముగా లభించుచున్నవి. కావున కొత్త సంచికకు పాత చిక్కు రానక్కఱలేదు.

ఇచట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. కాగితమునకు మాత్రము చెద పట్టదా? సీసపు కూర్పు అసలే మిగులదు గదా? నిజమే. కాని సీసము ఎవరిని మభ్యపెట్టలేదు. కూర్పు విడిపోవునని ఎఱిగినవారు కాగితమును దాచిరి. డి.టి.పి. కాలమున ఫైలున్నదను ధైర్యముచే కాగితమును దాచుట మానిరి. సాధనము లోపముకంటె ఈ ధైర్యమే సంచికలకు ఎక్కువ చేటు చేసినదని మా యభిప్రాయము.

కర్తవ్యము కష్టమైనది కాదు. నేటి సంచికను యూనికోడ్ తెలుగులో కూర్పవలెను; చిత్రములను, ఫాంటును ఫైలుతోపాటు ఒక్కచోట నుంచవలెను; పి.డి.ఎఫ్. ప్రతిని వేఱుగా తీయవలెను. పాత ఫాంటుతో తీసిన పి.డి.ఎఫ్. కంటికి తెలుగుగనే కనబడినను, అందు పదమును వెదకుట సాధ్యము కాదని గుర్తుంచుకొనవలెను. అన్నిటికంటె ముందు రెండు అచ్చుప్రతులు బడిలోను, ఒకటి శాఖాగ్రంథాలయమునను ఉండవలెను. 1990 దశకపు సంచికల విషయమున త్వర అవసరము. ఆ పుటలు కూర్చిన ఆపరేటర్లలో పలువురు వృత్తి మాఱిరి. వారి డిస్కులు అటకలపై నున్నవి. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు తాళపత్రములకై ఊరూర తిరిగినట్లే ఈ డిస్కులకై కూడ తిరుగవలసిన దినము వచ్చినది. తాళపత్రము మూడువందల యేండ్లు ఆగినది. ఇవి అంతకాలము ఆగవు.