ఫర్మానా నుండి శాసనం దాకా: ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ధనం, పదవి, గౌరవం

సల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ బాగ్దాదులో తన పేరిట నిజామియా మదరసాను హిజ్రీ 459లో, అనగా క్రీ.శ. 1067లో తెరిచాడు. దాని ఖర్చులకోసం ఆస్తులను వక్ఫ్ చేశాడు. అయితే ముదర్రిస్‌ను నియమించే హక్కును, తొలగించే హక్కును మాత్రం తన చేతిలోనే, తన వంశంవారి చేతిలోనే ఉంచుకొన్నాడు. ఇమామ్ గజాలీ 1091లో ఆ పీఠానికి వచ్చింది ఆ వజీరు నియామకంతోనే. నాలుగేండ్ల తరువాత ఆయన ఆ పదవిని, దాని వెంట ఉన్న వైభవాన్ని విడిచి వెళ్ళిపోయాడు. విద్యాలయం నడవడానికి ధనం కావాలి, ధనమిచ్చినవాడికి నియామకాలపై ఆశ ఉంటుంది, నియమితుడైన పండితుడికి తన మనసు తనది. ఈ మూడింటి మధ్య లాగులాట ఇస్లామీయ విద్యాచరిత్రలో అంత పాతది.

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రను చాలామంది భాషా చరిత్రగానే చెబుతారు. అది నిజమే గాని సగం నిజం. మిగతా సగం ఖజానాది, సంతకానిది.

1917లో నిజాం ప్రభుత్వ కార్యదర్శిగా ఉన్న అక్బర్ హైదరీ, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఒక అర్జదాష్తు సమర్పించారు. పరాయి భాషలో సాగే చదువు విద్యార్థి జ్ఞాపకశక్తిని మాత్రమే పెంచుతున్నదనీ, ఆలోచనను పెంచడం లేదనీ అందులోని సారాంశం. హిజ్రీ 1335 రజబ్ 4న, అనగా 1917 ఏప్రిల్ 26న ఫర్మానా వెలువడింది. ఉర్దూ బోధనా భాషగా, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఒక జామియా ఏర్పాటు కావాలని ఆజ్ఞ. అదే సంవత్సరం ఆగస్టులో దారుత్తర్జుమా, అంటే అనువాద సంస్థ మొదలైంది. 1918 సెప్టెంబరులో విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా వచ్చింది. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ వద్ద ఒక భవనంలో 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో తరగతులు ఆరంభమయ్యాయి.

అర్జదాష్తు నుండి తరగతి గది దాకా రెండేండ్ల పైచిలుకు మాత్రమే పట్టింది. ఇదే కాలంలో అలీగఢ్‌వారు ఏమి పడ్డారో గుర్తుకు తెచ్చుకొంటే ఈ వేగం విలువ తెలుస్తుంది. అక్కడి కళాశాల విశ్వవిద్యాలయం కావాలంటే ముందుగా 30 లక్షల రూపాయలు పోగు చేయాలని బ్రిటిష్ ప్రభుత్వం షరతు పెట్టింది. ఆగాఖాన్ మొదలుకొని ఊరి మౌల్వీ వరకు చందాల సంచీ పట్టుకొని తిరిగారు. 1920లోగాని చట్టం రాలేదు. హైదరాబాదులో సంచీ అవసరం రాలేదు. ఒక్క సంతకం చాలింది.

కాని నిజామియాకు ఉండి ఉస్మానియాకు లేనిది ఒకటుంది. అది వక్ఫ్. చందా సొమ్ముకు లెక్క అడిగే దాతలుంటారు. వక్ఫ్ ఆస్తికి ముతవల్లీ మారినా షరతులు మారవు. ఉస్మానియా మాత్రం ఏటేటా రాజ్య బడ్జెటు మీద బ్రతికింది. ఆ బడ్జెటులోని రూపాయి ఎవరిది? రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవారు, మరికొందరు మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. ఉర్దూ మాతృభాషగా గలవారు పదవ వంతుకు కొంచెం అటూ ఇటూ. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ రైతు కట్టిన శిస్తు కూడ ఆ ఖజానాలోనే ఉంది. ఈ మాట కొందరికి చేదుగా తోచవచ్చు. అయినా తరువాత జరిగినదంతా అర్థం కావాలంటే దీనిని దాటవేయడానికి లేదు.

తొలి నియామకాలు చూస్తే ఎంపిక చేసినవారి దృష్టి తెలుస్తుంది. మొదటి వైస్‌ఛాన్సలర్ మౌలానా హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీ. ఆయన అలీగఢ్ ప్రాంతపు రయీసు, రాజ్యంలో ధార్మిక వ్యవహారాల సద్రుస్సుదూర్, చేతివ్రాత గ్రంథాలంటే ప్రాణమిచ్చే పండితుడు. విద్యాశాఖ అధిపతి సర్ సయ్యద్ మనుమడు రాస్ మసూద్. దేశభాషలో ఆధునిక విద్య ఎలా నడుస్తున్నదో చూడడానికి ఆయన 1922లో జపాను వెళ్ళి, తిరిగివచ్చి గ్రంథం వ్రాశారు. దారుత్తర్జుమాకు తొలి నాజిమ్ మౌల్వీ అబ్దుల్ హఖ్. ఉర్దూ ఆచార్యులు వహీదుద్దీన్ సలీమ్ శాస్త్ర పదాలను ఎలా తయారుచేయాలో చెప్పే ‘వజె ఇస్తిలాహాత్’ను రచించారు. అనువాదకునికి జీతం, అతని ప్రక్కన ధార్మిక పండితునికి జీతం, ఇద్దరూ ఒప్పుకొన్నాకే పుస్తకం అచ్చుకు పోవడం! ఇంత ఓపికగా ఒక దేశభాషకు రసాయన శాస్త్రాన్ని, వైద్యాన్ని, న్యాయశాస్త్రాన్ని సమకూర్చిన ప్రయత్నం ఆనాటి భారతదేశంలో మరొకటి లేదు.

ఫలితం మనుషులలో కనిపించింది. 1908లో హైదరాబాదులో పుట్టిన రజీయుద్దీన్ సిద్దీఖీ ఉస్మానియాలో చదివి, కేంబ్రిడ్జి వెళ్ళి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి, తిరిగివచ్చి ఇక్కడే గణితం బోధించారు. అదే సంవత్సరం అదే నగరంలో పుట్టిన ముహమ్మద్ హమీదుల్లాహ్ ఉస్మానియా పట్టభద్రులై, బాన్‌లోను పారిస్‌లోను డాక్టరేట్లు పొంది, ఇక్కడి విద్యార్థులకు అంతర్జాతీయ న్యాయం చెప్పారు. ఉర్దూలో చదివినవాడు ప్రపంచంతో మాట్లాడలేడన్న వాదానికి వీరిద్దరే సమాధానం.

తెలుగు శాఖ కూడ ఉండేది. రాయప్రోలు సుబ్బారావు అక్కడ ఆచార్యులుగా పనిచేశారు. కాని తెలుగు ఒక పాఠ్యాంశం మాత్రమే, బోధనా భాష కాదు. మాతృభాషలో చదువు ఆలోచనను పెంచుతుందన్న హైదరీగారి వాదం నల్లగొండ పిల్లవాడికీ వర్తిస్తుంది కదా! అర్జదాష్తు బలమూ బలహీనతా ఒకే వాక్యంలో ఉన్నాయి.

1938వ సంవత్సరం దగ్గర కొంచెం ఆగాలి. ఆ యేడు విశ్వవిద్యాలయం అల్లామా ఇఖ్బాల్‌కు, రవీంద్రనాథ్ ఠాగూరుకు గౌరవ డాక్టరేట్లు ప్రకటించింది. ఇఖ్బాల్ అదే సంవత్సరం ఏప్రిల్ 21న మరణించారు. పరభాషా సంకెల తెగిందని ఉస్మానియా పుట్టుక నాడే సంతోషించి ఉత్తరం వ్రాసిన వ్యక్తి ఠాగూరు. ఇద్దరు కవులు, రెండు భాషలు, రెండు మతాలు. పట్టా ఇచ్చిన చేతికి ఇది గౌరవమే.

అదే సంవత్సరం చివర హిందూ విద్యార్థులు తమ హాస్టల్ ప్రార్థనలో వందేమాతరం పాడడాన్ని అధికారులు నిషేధించారు. విద్యార్థులు లొంగలేదు. సమ్మె జరిగింది. వందల మందిని వెళ్ళగొట్టారు. వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా వెళ్ళినవారిలో తరువాత భారత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఒకరు. ఆనాడు హైదరాబాదు రాజ్య ప్రధానమంత్రి, 1917లో అర్జదాష్తు వ్రాసిన అక్బర్ హైదరీయే. ఆ గీతం విషయంలో ముస్లిములకున్న అభ్యంతరం వేరు. తమ ప్రార్థన గదిలో తాము పాడుకొన్న పిల్లలను చదువుకే దూరం చేయడం వేరు. ఒకే సంవత్సరంలో ఒక బెంగాలీ కవికి పట్టా, తెలుగు విద్యార్థికి బహిష్కారం. రెండూ ఒకే ప్రభుత్వ నీడలో జరిగాయి. పైన అడగడానికి సభ లేదు, కోర్టు లేదు.

మరుసటి సంవత్సరం డిసెంబరు 4న అడిక్‌మెట్‌లోని ఆర్ట్స్ కళాశాల భవనాన్ని నిజాం ప్రారంభించాడు. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ రూపకల్పన చేసిన ఆ గులాబి రాతి కట్టడాన్ని నేటికీ చూడవచ్చు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. సంతకం పెట్టే చేయి మారింది, దానితో సంతకం మీద నిలిచినదంతా మారింది. ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. చిహ్నం నుండి కిరీటం తొలగింది. మూడు దశాబ్దాలలో తయారైన పదజాలం, పాఠ్యగ్రంథాలు అల్మారాల పాలయ్యాయి. హమీదుల్లాహ్ పారిస్‌లోనే ఉండిపోయి, 2002లో అమెరికాలో మరణించారు. రజీయుద్దీన్ 1950లో పాకిస్తాను వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయాలకు వైస్‌ఛాన్సలర్ అయ్యారు. తెలుగువారు అడిగినది తెలుగు. వచ్చినది ఇంగ్లీషు. ఉర్దూ పోయిన లాభం ఆనాడు తెలుగుకు దక్కలేదన్నది ఉభయులూ గమనించవలసిన సంగతి.

ఆ కష్టకాలంలో, 1948 నుండి 1952 దాకా, పడవ నడిపినవారు నవాబ్ అలీ యావర్ జంగ్. ఆయన తరువాత సూరి భగవంతం వచ్చారు. ఆయన సర్ సి.వి. రామన్ శిష్యుడైన భౌతిక శాస్త్రవేత్త, నిజాం కళాశాలలో చదివిన తెలుగువారు. ఆయన హయాంలోనే, 1953 జనవరి 12న, డాక్టర్ అంబేద్కర్‌కు ఉస్మానియా గౌరవ డాక్టరేటు ఇచ్చింది. రాజ్యాంగ శిల్పికి స్వదేశంలోని ఒక విశ్వవిద్యాలయం చేసిన ఈ సన్మానం విషయంలో హైదరాబాదు చాలా నగరాలకంటె ముందుంది.

అంతా పోలేదు. 1888లో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ విశ్వవిద్యాలయంలో అంతర్భాగంగా బ్రతికింది. ఇబ్ను హజర్ ‘తహ్జీబుత్తహ్జీబ్’ను ప్రపంచానికి అచ్చులో అందించిన ఆ సంస్థే, పాలన మారిన తరువాత 1954–56 మధ్య అల్‌బీరూనీ ‘అల్‌ఖానూనుల్ మస్ఊదీ’ని మూడు సంపుటాలలో ప్రచురించింది. దానికి కేంద్ర విద్యాశాఖ ఆదరణ లభించింది. ప్రభుత్వం మారితే అరబ్బీ గ్రంథాలకు రోజులు చెల్లినట్లేనని నిరాశ పడినవారికి ఆ సంపుటాలు జవాబు.

ఇక అసలు పరీక్ష 1966లో వచ్చింది. అప్పటికి ఫర్మానాల కాలం పోయి శాసనాల కాలం నడుస్తున్నది. 1959 నాటి ఉస్మానియా విశ్వవిద్యాలయ చట్టం ప్రకారం ఛాన్సలర్ హోదాలో గవర్నరు వైస్‌ఛాన్సలర్‌ను నియమిస్తారు. దుష్ప్రవర్తన లేక అశక్తత రుజువైతేనే, అదీ ఉన్నత న్యాయస్థానాల న్యాయమూర్తి స్థాయి వ్యక్తి విచారించిన మీదటనే, తొలగించాలి. డి.ఎస్. రెడ్డి 1957 నుండి ఆ పదవిలో ఉన్నారు. 1964లో మరల ఐదేండ్లకు నియమితులయ్యారు. రాష్ట్ర ప్రభుత్వానికీ విశ్వవిద్యాలయానికీ స్వయంప్రతిపత్తి విషయమై పొరపొచ్చాలు వచ్చాయి. విద్యార్థులు వీధులకెక్కారు. 1966లో శాసనసభ చట్టాన్ని రెండుమార్లు సవరించింది. మొదటి సవరణ పదవీకాలాన్ని మూడేండ్లకు కుదించింది. రెండవ సవరణలో 13-ఎ అనే సెక్షన్ చేర్చారు. సవరణనాటికి పదవిలో ఉన్న వైస్‌ఛాన్సలర్ కొత్తవారి నియామకం దాకానే కొనసాగుతారు, ఆ నియామకం 90 రోజులలో జరగాలి. విచారణ లేదు, కారణం చెప్పనక్కరలేదు. ఆ వర్ణన సరిపోయే మనిషి ఒక్కరే.

డి.ఎస్. రెడ్డి హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఇకముందు వచ్చే వైస్‌ఛాన్సలర్‌కు విచారణ రక్షణ ఉండి, ఇప్పుడున్నవారికి లేకపోవడం సమానత్వాన్ని చెప్పే రాజ్యాంగపు 14వ అధికరణకు విరుద్ధమని ఆ న్యాయస్థానం తేల్చి, సెక్షన్ 13-ఎను కొట్టివేసింది. 1967 నాటి న్యాయ నివేదికలలో ఆ తీర్పు అచ్చయింది. ఆయన 1969 వరకు పదవిలో ఉన్నారు. శాసనసభ చేసినంత మాత్రాన ఫర్మానా స్వభావం మారదన్నది ఆ తీర్పులోని అంతరార్థం. అయితే ఒకటి. జీతాలకిచ్చే గ్రాంటు మాత్రం ఆ ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. కోర్టు పదవిని కాపాడగలిగింది. ధనం సంగతి దాని ముందుకు రాలేదు.

ఆ 1967లోనే అక్టోబరు 20న అజీజ్ బాషా కేసులో సుప్రీంకోర్టు, అలీగఢ్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినది కేంద్ర చట్టమేగాని ముస్లిములు కాదని తీర్పు చెప్పింది. చందాల సంచీ పట్టుకొని తిరిగినవారి సంతానానికి ఆ మాట ఎంత కష్టంగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. ఆనాడు అలీగఢ్ వైస్‌ఛాన్సలర్ హైదరాబాదు నుండి వెళ్ళిన అలీ యావర్ జంగే. 2024 నవంబరులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నలుగురు–ముగ్గురుగా చీలి, ఆ పాత తీర్పు అనుసరించిన సూత్రాన్ని త్రోసిపుచ్చింది. ఎవరు పోగుచేశారు, ఎవరి పూనికతో ఏర్పడింది అన్నవి చూడాలన్నది. ఉస్మానియా విషయంలో అలాంటి వాదానికి తావే లేదు. అది ఏ ఒక్క సముదాయపు చందాతోనూ పుట్టలేదు.

ఉర్దూ బోధనా భాషగా గల విశ్వవిద్యాలయం హైదరాబాదుకు మరల వచ్చింది. పార్లమెంటు చట్టంతో 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలి ప్రాంతంలో నెలకొన్నది. దాని వైస్‌ఛాన్సలర్‌ను విజిటర్ హోదాలో రాష్ట్రపతి నియమిస్తారు. నిధులు కేంద్రం నుండి వస్తాయి. ఉర్దూలో పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయడానికి అక్కడ కూడ ఒక అనువాద విభాగం పనిచేస్తున్నది.