కర్మాగారంలో నిజం ఎవరు రాస్తారు?

స్మార్ట్ కర్మాగారాల చరిత్రను సాధారణంగా నాలుగు మెట్లుగా చెబుతారు: ఆవిరి, విద్యుత్తు, కంప్యూటరు, ఆపైన ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే యంత్రాలు. 2011లో జర్మనీలోని హానోవర్ ప్రదర్శనలో ‘ఇండస్ట్రీ 4.0’ అన్న పేరు బయటికి వచ్చాక ఈ వరస స్థిరపడిపోయింది. ఇందులో యంత్రం ఉంది, దాన్ని నడిపే శక్తి ఉంది. అంకె వేసే మనిషి మాత్రం లేడు. సంస్థ సంస్కృతి అన్నది యంత్రాలు బిగించాక శిక్షణ తరగతులతో సర్దుకునే విషయమన్న భావన ఈ చిత్రణ నుంచే వచ్చింది. చరిత్రలోని ఆధారాలు ఇందుకు ఎదురు చెబుతున్నాయి. నిజం రాసినందుకు దండన ఉండదన్న నమ్మకం కుదిరిన చోటే డేటా పనికొచ్చింది.

తొలి దశలు తెలిసినవే. శాస్త్రీయ నిర్వహణకు ఆద్యుడైన టేలర్ స్టాప్‌వాచీ పనివాడి నైపుణ్యాన్ని కొలిచి, ఆ అంకెను ప్లానింగ్ గదికి చేర్చింది. 1924లో వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరు షూహార్ట్ గీసిన కంట్రోల్ చార్టు, ప్రక్రియలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులను ప్రత్యేక కారణంతో వచ్చే తేడాల నుంచి విడదీసింది. 1950లో అమెరికా గణాంకవేత్త డెమింగ్ ఈ పాఠాన్ని జపాన్‌లో చెప్పాడు. అయితే జపాన్ విజయాన్నంతా ఆయన ఖాతాలో వేయడం తొందరపాటు. ఆయనను పిలిచింది అక్కడి శాస్త్రజ్ఞుల, ఇంజినీర్ల సంఘం. 1962 నుంచి నాణ్యత నిపుణుడు ఇషికావా ప్రోత్సాహంతో పెరిగిన క్వాలిటీ సర్కిళ్లు, అంటే నాణ్యత సమస్యలను కార్మికులే చర్చించుకునే చిన్న బృందాలు, చార్టును ఇంజినీరు బల్ల మీది నుంచి కార్మికుల చేతికి తెచ్చాయి. అసలు మలుపు అదే.

ఈ మలుపు బలమెంతో తేల్చే పరీక్ష అమెరికాలో జరిగింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న జనరల్ మోటార్స్ కర్మాగారం తగాదాలకూ నాసిరకం కార్లకూ పేరుపడి 1982లో మూతపడింది. 1984లో టయోటాతో కలిసి ‘నుమ్మీ’ పేరిట దాన్ని మళ్లీ తెరిచినప్పుడు కార్మికుల్లో దాదాపు 85 శాతం పాతవాళ్లే. వాళ్ల యూనియనూ పాతదే. కొత్తగా వచ్చింది లైను మీద వేలాడే ఆండన్ తాడు. లోపం కనిపిస్తే ఎవరైనా దాన్ని లాగి, అవసరమైతే లైనును ఆపవచ్చు. లాగినవాణ్ణి సూపర్‌వైజర్ నిలదీయడు, సాయానికి వస్తాడు. 20 శాతం దాకా పోయిన గైర్హాజరు 2 శాతానికి దిగిందని అక్కడి మార్పును దగ్గరుండి చూసిన జాన్ షుక్ రాశాడు. అదే దశాబ్దంలో జనరల్ మోటార్స్ రోబోల మీద, ఆటోమేషన్ మీద వేల కోట్ల డాలర్లు పోసింది. అంత ఖర్చు చేసి కట్టిన కొత్త ప్లాంట్ల కంటే నాణ్యతలో నుమ్మీయే ముందు నిలిచింది.

ఆ మార్పు నమ్మకం వల్ల కాదు, ఉద్యోగం మళ్లీ పోతుందన్న భయం వల్ల వచ్చిందని పార్కర్, స్లాటర్ వంటి విమర్శకులు వాదించారు. అది ఒత్తిడితో నడిపే పద్ధతి అన్నారు. ఇందులో నిజముంది: రెండేళ్ల నిరుద్యోగం చూసినవాళ్లు అంత తేలిగ్గా ఎదురుతిరగరు, పని వేగమూ తక్కువ కాదు. కానీ భయం చేయించగలిగేది వంచిన తల ఎత్తకుండా పని చేయడం వరకే. తన లైనులో లోపముందని పదిమంది ముందు తాడు లాగడానికి అది అడ్డే పడుతుంది. పైగా 1980ల చివర్లో కార్ల అమ్మకాలు పడిపోయినప్పుడు నుమ్మీ ఎవరినీ తీసేయలేదు. మిగులు మనుషులను శిక్షణలో, ప్రక్రియల మెరుగుదలలో పెట్టింది. తాడును నమ్మదగినదిగా చేసింది ఆ హామీయేనని నా అభిప్రాయం.

ఇప్పుడు సెన్సర్లే రాస్తాయి కాబట్టి మనిషి నిజాయితీతో పనిలేదన్నది రెండో అభ్యంతరం. హైదరాబాద్ చుట్టుపక్కల విస్తరించిన ఔషధ పరిశ్రమే దీనికి జవాబు చెబుతుంది. ల్యాబుల్లో పరీక్ష యంత్రాలు ఫలితాలను వాటంతటవే నమోదు చేస్తాయి. అయినా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ భారతీయ కర్మాగారాలకు పంపిన హెచ్చరిక లేఖల్లో ఫైళ్లు చెరిపేయడం, కంప్యూటరు గడియారం మార్చడం, ఫలితం అనుకూలంగా వచ్చేదాకా మళ్లీ పరీక్షించడం వంటి ఆరోపణలు ఎన్నోసార్లు కనిపిస్తాయి. జపాన్ కూడా దీనికి అతీతం కాదు. తనిఖీ డేటాను తారుమారు చేశామని 2017లో కోబె స్టీల్ ఒప్పుకుంది. యంత్రం ఎంత కంపించిందో సెన్సర్ చెబుతుంది. చాలాచోట్ల ఎందుకు ఆగిందన్న గడిని నింపేది మాత్రం ఇప్పటికీ ఆపరేటరే.

ఈ పాఠం మనకు కొత్తదేమీ కాదు. 1947-48లోనే గణాంకవేత్త మహలనోబిస్ ఆహ్వానంపై షూహార్ట్ భారత్‌కు వచ్చాడు. దేశంలో క్వాలిటీ సర్కిళ్లు మొదలైంది 1980 ప్రాంతంలో హైదరాబాద్ పక్కన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే. అక్కడ వాటికి చొరవ చూపిన ఉడుపా ఆధ్వర్యంలో 1982లో దేశవ్యాప్త ఫోరం కూడా ఏర్పడింది. అది పర్మినెంటు ఉద్యోగాలున్న ప్రభుత్వ సంస్థలో మొదలుకావడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. కాలక్రమంలో చాలాచోట్ల ఆ సర్కిళ్లు పోటీలకూ బహుమతులకూ పరిమితమయ్యాయన్నది కూడా ఒప్పుకోవాలి.

నేటి కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ‘సమర్థ్ ఉద్యోగ్ భారత్ 4.0’ కింద పుణె, ఢిల్లీ, బెంగళూరుల్లో వచ్చిన కేంద్రాలు సాంకేతికతను చిన్న పరిశ్రమలకు చూపించడానికి పనికొస్తాయి. అయినా ప్రస్తుత దిశ మీద నాకు గట్టి సందేహాలున్నాయి. సంఘటిత తయారీ రంగ కార్మికుల్లో ఐదుగురికి ఇద్దరు కాంట్రాక్టు మీదే ఉన్నారు. బ్రేక్‌డౌన్‌కు అసలు కారణం రాస్తే వచ్చే నెల గేటు పాస్ ఉంటుందో లేదో తెలియని మనిషి ‘ఇతర కారణాలు’ అన్న గడినే నొక్కుతాడు. అతన్ని తప్పుపట్టలేం. సంస్థలు సాఫ్ట్‌వేర్ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, లోపాన్ని నమోదు చేసిన కాంట్రాక్టు కార్మికుడికి రక్షణ ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఆ ఖర్చును కూడా ప్రాజెక్టు బడ్జెట్‌లోనే చూపాలి.