గడ్డ దాకా దారి

కేతేపల్లి శివారు. పత్తి ఏరుతున్న మనిషి చేతిలోంచి దూది జారి పడింది. వంగి తీయబోతే కుడిచెయ్యి లేవలేదు. పక్క సాలులోనే ఉన్నాం మనం. ఏదో చెప్పబోయాడు, నోట్లోంచి ఉత్త శబ్దమే వచ్చింది. మూతి ఓ పక్కకు గుంజుకుపోతోంది.

"పచ్చవాతమే. పసరు పోపిద్దాం బిడ్డా" అంటోంది ఒక పెద్దమ్మ. ఇంకొకాయన గుండెపోటుకిచ్చే ఆస్పిరిన్ గోలీ ఉందంటున్నాడు. రెండూ వద్దు. మింగలేని మనిషికి పోసిన పసరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెదడులో నెత్తురు నరం మూసుకుపోయిందో చిట్లిందో స్కాన్ తీయందే ఏ డాక్టరూ చెప్పలేడు. చిట్లినదైతే ఆస్పిరిన్ ఆ నెత్తురును గడ్డకట్టనివ్వదు. కొడుకు 108కు ఫోన్ చేశాడు. వాంతి గొంతుకు అడ్డం పడకుండా ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాం.

అంబులెన్స్‌లో నకిరేకల్ దాటాం. హైవే పక్క ఆసుపత్రిలో సీటీ తీశారు. బూడిదరంగు మెదడులో ఎడమవైపు తెల్లటి మచ్చ. తాజా నెత్తురు స్కాన్‌లో అలాగే తెల్లగా కనిపిస్తుంది. బీపీ దించే ఇంజెక్షన్ ఎక్కిస్తూ హైదరాబాద్‌కు పంపారు.

"బీపీ గోలీలు ఎప్పుడు బంద్ చేసిండు?" అక్కడి న్యూరోసర్జన్ అడిగాడు.

"దసరాకు ముందట సార్. తలనొప్పి తగ్గిందన్నడు."

నెత్తురు గడ్డ 40 మిల్లీలీటర్లు దాటింది. కానీ మెదడు పైపొరకు దగ్గర్లో ఉంది. దీన్ని అదృష్టమనే అంటాను. బీపీతో నరాలు ఎక్కువగా చిట్లేది లోతుల్లో. అమెరికాలో 300 మంది రోగులతో చేసిన ఎన్‌రిచ్ అధ్యయనం ఫలితాలు 2024లో వచ్చాయి. 24 గంటల్లోపు సన్నటి గొట్టం గుండా గడ్డ తీసే ఆపరేషన్ జరిగినవారిలో నెలలోపు చనిపోయినవారు 9.3 శాతం, మందులతోనే చూసినవారిలో 18 శాతం. లోతైన గడ్డలకు మేలు కనిపించక, అలాంటి రోగులను చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. లోతుల్లో చిట్లినవాళ్లకు ఇంత ఆశ ఇంకా చూపలేకపోవడం నన్ను బాధపెడుతుంది.

ఆకుపచ్చ గౌన్లు తొడుక్కుని మనమూ థియేటర్‌లోకి వచ్చాం. పుర్రెలో కొద్దిపాటి ఎముకే తీశారు. మెదడు మడతలు బయటపడ్డాయి, గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతున్నాయి. సర్జన్ మడతను కోయడు. రెండు మడతల నడుమ సందు వెతుకుతాడు. చేనులో మొక్క విరక్కుండా సాళ్ల వెంబడి నడిచినట్టే, లోపలి నరాలపోగులు ఎటు సాగుతున్నాయో అటే, బొటనవేలికన్నా సన్నటి పారదర్శక గొట్టాన్ని దించుతాడు. కంప్యూటర్ తెర మీద గొట్టం కొస ఎక్కడుందో అడుగడుగునా కనిపిస్తోంది.

గొట్టం అడుగున నల్లగా తిరిగిన ఎరుపు. సక్షన్ పెట్టగానే గడ్డ తునకలు తునకలుగా పైకి వస్తోంది. సర్జన్ తొందరపడడు. అంచున అంటుకున్న పలుచటి పొరను లాగితే మళ్లీ నెత్తురు పుడుతుంది, దాన్ని అలాగే వదిలేశాడు. ఓ చిన్న నరం ఇంకా కారుతోంది, దాన్ని కాల్చి ఆపాడు. నీళ్లతో కడిగి చూశాడు. నీళ్లు తేటగా వచ్చాయి. ఉబ్బిన మెదడు కొంచెం దిగింది.

బయట కొడుకు ఎదురొచ్చాడు. "మాట వస్తదా సార్?"

"గడ్డ తీసినం. నెత్తురు అప్పటికే పాడుచేసింది మాత్రం వాపస్ తేలేం. మాట, చెయ్యి ఎంత వస్తయో ఆరు నెలల దాకా చూడాలె. ఫిజియోథెరపీ ఐసీయూలనే మొదలుపెడ్తం. బీపీ గోలీ మాత్రం ఒక్కపూట తప్పొద్దు."